పాత స్టేషనరీ ఇంజన్లు: ఇగ్నిషన్‌లో ప్రత్యామ్నాయ భాగాల అమరిక

స్టేషనరీ ఇంజన్ అంటే ఒకచోట బిగించి, బెల్టు వేసి పంపునో పిండిమరనో రంపాన్నో తిప్పే ఇంజన్. 19వ శతాబ్దం చివరి నుంచి 20వ శతాబ్దం మధ్య దాకా అమెరికా, బ్రిటన్, జర్మనీ పొలాల్లోనూ చిన్న వర్క్‌షాపుల్లోనూ ఇవి పెద్ద సంఖ్యలో పనిచేశాయి. వీటిలో పెట్రోలుతో, కిరోసిన్‌తో నడిచేవాటికి ఇంధనాన్ని అంటించడానికి విద్యుత్ స్పార్కు కావాలి. పోత ఇనుముతో చేసిన దిమ్మ, ఫ్లైవీళ్లు, పిస్టన్ వందేళ్ల తరవాత కూడా పనికొచ్చే స్థితిలో దొరుకుతాయి. స్పార్కు పుట్టించే భాగాలకు అంత ఆయుష్షు లేదు. కాయిల్ చుట్ల మీది ఇన్సులేషన్ చెడుతుంది, కండెన్సర్ లీకవుతుంది, అయస్కాంతం బలం తగ్గుతుంది, అయస్కాంతంతో తానే కరెంటు పుట్టించే మాగ్నెటోను ఎవరో ఎప్పుడో ఊడబీకి పట్టుకుపోయి ఉంటారు. అసలు భాగం దొరకనప్పుడు వేరే యంత్రం కోసం చేసిన భాగాన్నో, కొత్తగా చేయించినదాన్నో పెట్టి ఇంజన్‌ను నడిపించడం ఇలాంటి ఇంజన్లను సంరక్షించేవారు నిత్యం చేసే పని. పోయిన భాగం విద్యుత్ పరంగా ఏం చేసేదో ముందు తెలుసుకోవాలి. ఆకారం చూసి ఎంచుకున్న భాగం చాలాసార్లు మోసం చేస్తుంది. చేయవలసిన పని తెలిసి ఎంచుకున్నది, చూడ్డానికి పొంతన లేకపోయినా, ఇంజన్‌ను నడుపుతుంది.

స్పార్కు పద్ధతులు

1860లో ఎటియెన్ లెన్వార్ చేసిన గ్యాస్ ఇంజన్‌లోనే బ్యాటరీ, కాయిల్‌తో స్పార్కు పుట్టించారు. ఆ తరవాత చాలాకాలం ఎర్రగా కాల్చిన గొట్టంతో ఇంధనం అంటించే పద్ధతి కూడా నడిచింది. రాబర్ట్ బాష్ 1887లో చేసిన తొలి మాగ్నెటో ఒక స్టేషనరీ ఇంజన్ కోసమే. అది తక్కువ వోల్టేజీ రకం. ఆయన సంస్థలోని గాట్లోబ్ హోనోల్డ్ 1902లో ప్లగ్గుతో పనిచేసే ఎక్కువ వోల్టేజీ మాగ్నెటోను రూపొందించాడు. ఈ మార్పులన్నిటి ఫలితంగా పాత స్టేషనరీ ఇంజన్లలో ముఖ్యంగా నాలుగు ఏర్పాట్లు కనిపిస్తాయి: బ్యాటరీ, కాయిల్‌తో పనిచేసే మేక్ అండ్ బ్రేక్ ఇగ్నైటర్; అదే ఇగ్నైటర్‌కు తక్కువ వోల్టేజీ మాగ్నెటో; ప్లగ్గుకు బజర్ కాయిల్; ప్లగ్గుకు ఎక్కువ వోల్టేజీ మాగ్నెటో.

ఒకదాని స్థానంలో మరొకటి పెట్టడం ఈ ఇంజన్లు కొత్తగా ఉన్న రోజుల్లోనే మొదలైంది. అమెరికాలో వైకో కంపెనీ ఈకే రకం మాగ్నెటోను ఇగ్నైటర్ ఉన్న ఇంజన్లను ప్లగ్గుకు మార్చుకునేందుకు కూడా అమ్మింది. అందుచేత ఒక పాత ఇంజన్ మీద ఉన్న భాగం ఫ్యాక్టరీలో పెట్టిందా, పదేళ్ల తరవాత రైతు పెట్టించుకున్నదా అన్నది తేల్చడం ఒక్కోసారి కష్టం. అసలుది కాదని తీసి పారేసే ముందు ఆ మార్పు కూడా ఇంజన్ చరిత్రలో భాగమేనని గుర్తించడం న్యాయం.

ఇగ్నైటర్ మరమ్మతు, దాని కాయిల్

ఇగ్నైటర్‌ను సిలిండర్ నుంచి విప్పి చూస్తే లోపలివైపు రెండు మొనలు కనిపిస్తాయి. ఒకటి కదలదు. దాన్ని అభ్రకపు వాషర్లతో ఇంజన్ దిమ్మకు తగలకుండా బిగిస్తారు. రెండోది చిన్న ఇరుసు మీద తిరుగుతుంది, దిమ్మకు తగిలే ఉంటుంది. ఇంజన్ నుంచి వచ్చే కడ్డీ ఈ రెంటినీ కలిపి, సరైన క్షణంలో స్ప్రింగు బలంతో ఠక్కున విడదీస్తుంది. మొనలు కలిసి ఉన్నప్పుడు కాయిల్‌లో కరెంటు పెరుగుతుంది. విడిపోగానే ఆ కాయిల్‌లో నిలవున్న శక్తి మొనల మధ్య లావాటి స్పార్కుగా బయటపడుతుంది. ప్లగ్గుకు కావలసిన వేల వోల్టులు దీనికి అక్కర్లేదు.

మొనలు మొదట్లో ప్లాటినంతో, తరవాత నికెల్ వంటి లోహాలతో చేసేవారు. ఇప్పుడు పాత స్పార్క్ ప్లగ్గు పక్క ఎలక్ట్రోడు నుంచి కోసిన నికెల్ మిశ్రమం ముక్కను రంధ్రంలో దిగగొట్టి రివిట్ చేస్తే చక్కగా పనిచేస్తుంది. మెత్తని ఇనుప మేకు ముక్క కూడా కొన్నాళ్లు నడుస్తుంది కానీ త్వరగా కాలి గుంటలు పడుతుంది. రెండు మొనలూ బల్లపరుపుగా తగలాలి. అంచు మాత్రమే తగిలితే కరెంటు సరిగా పారదు, ఉన్న ఆ కాస్త చోటూ మాడిపోతుంది. ఇన్సులేషన్‌కు మాత్రం అభ్రకాన్ని మించింది లేదు. వేడికీ పీడనానికీ తట్టుకుంటూ కరెంటును ఆపే ఈ ఖనిజానికి ఆంధ్రప్రదేశ్‌లోని గూడూరు ప్రాంతపు గనులు పేరుపడ్డాయి. వాషర్ల బదులు ఫైబరు, ప్లాస్టిక్ పెట్టినవారికి అవి మాడి, వదులై, దిమ్మకు కరెంటు లీకవడం అనుభవమే. పాత గ్యాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కాబట్టి వాటిని పొడిగా గీకకూడదు. తడిపి తీసి, రాగి గ్యాస్కెటో గ్రాఫైట్ షీటో వేయాలి.

మీటరు పెట్టి చూస్తే మొనలు విడిపోయినప్పుడు కదలని మొనకూ దిమ్మకూ మధ్య కరెంటు దారి అసలు ఉండకూడదు. మసి పేరుకుంటే ఆ మసే దారి అవుతుంది. ఇక చాలామంది పట్టించుకోనిది స్ప్రింగు. కాయిల్ ఎంత మంచిదైనా మొనలు మెల్లగా విడిపోతే స్పార్కు నీరసంగానే వస్తుంది. ఇరుసు అరిగి ఊగుతున్నా అంతే. అందుకని కొత్త కాయిల్ కొనేముందు ఇరుసుకు బుష్ వేయించి, స్ప్రింగు మార్చి చూడడం మేలు.

ఈ ఇగ్నైటర్‌కు పనిచేసే కాయిల్‌లో ఒకే చుట్టు ఉంటుంది. మెత్తని ఇనుప తీగల కట్ట మీద ఒక మిల్లీమీటరు పైబడిన మందం ఉన్న ఎనామెల్ రాగి తీగను కొన్ని వందల చుట్లు చుడితే అదే కాయిల్. దీన్ని ఇంట్లో చుట్టుకోవచ్చు. గట్టి ఇనుప కడ్డీ బదులు తీగల కట్ట వాడేది, ఇనుములో సుడి కరెంట్లు పుట్టి శక్తి వృథా కాకుండా. పాత ట్రాన్స్‌ఫార్మర్‌ను యథాతథంగా వాడితే ఫలితం నిరాశగా ఉంటుంది. దాని ఇనుము చుట్టూ మూసుకుని ఉంటుంది కాబట్టి డీసీ కరెంటుతో త్వరగా సంతృప్తమై, శక్తి నిలవ ఉండదు. ఇనుప రేకుల మధ్య ఖాళీ వచ్చేలా మార్చి పేరిస్తే పనికొస్తుంది.

అప్పట్లో కరెంటు ఇచ్చినవి నంబర్ 6 అనే డ్రై సెల్స్. ఒక్కొక్కటి 6 అంగుళాల ఎత్తు, 1.5 వోల్టులు. నాలుగింటిని వరసగా కలిపితే 6 వోల్టులు. ఇప్పుడు 6 వోల్టుల సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆ పనికి సరిపోతుంది. సెల్స్ వాటంతటవే కరెంటును అదుపులో ఉంచేవి. లెడ్ యాసిడ్ బ్యాటరీ అలా కాదు, షార్టయితే తీగలు ఎర్రబడతాయి. కనుక ఫ్యూజు తప్పనిసరి. ఒక ఓం నిరోధం ఉన్న కాయిల్ 6 వోల్టుల మీద 6 ఆంపియర్లు లాగుతుంది. మొనలు కలిసిన స్థితిలో ఇంజన్ ఆగి, స్విచ్ తీయడం మరిస్తే కాయిల్ కాగిపోతుంది, బ్యాటరీ ఖాళీ అవుతుంది.

మోడల్ టి కాయిల్

ప్లగ్గుతో నడిచే ఇంజన్‌కు మాగ్నెటో లేకపోతే అమెరికాలో మొదట చేతికొచ్చేది ఫోర్డ్ మోడల్ టి కారు కాయిలే. 1908 నుంచి 1927 దాకా కోటిన్నరకు పైగా తయారైన ఆ కారులో నాలుగు సిలిండర్లకు నాలుగు కాయిల్స్ ఉండేవి. ఒక్కో కాయిల్ ఒక చిన్న చెక్క పెట్టె. లోపల ఇనుప తీగల కట్ట, ప్రైమరీ చుట్టు, వేల చుట్ల సెకండరీ, కాగితం కండెన్సర్, అన్నిటినీ కప్పుతూ పోసిన తారు. పైన ఒక స్ప్రింగు రేకు కొట్టుకుంటూ కరెంటును తెంపి కలుపుతూ ఉంటుంది. స్విచ్ నొక్కినంతసేపూ స్పార్కుల వాన కురుస్తుంది. చలికి గడ్డకట్టిన ఉదయం ఇంజన్ అంటుకోవడానికి ఒంటరి స్పార్కు కంటే ఈ వాన ఎంతో నమ్మకమైనది.

వందేళ్ల కాగితం కండెన్సర్ ఇంకా బాగుందని ఆశపడడం వృథా. తారును జాగ్రత్తగా తవ్వి తీసి, 0.47 మైక్రోఫారడ్, 400 వోల్టులు లేదా ఆ పైన తట్టుకునే ఫిల్మ్ కండెన్సర్ పెట్టడం ఇప్పుడు మామూలు. ఆ తరవాత పైనున్న పాయింట్లను శుభ్రం చేసి, స్ప్రింగు బిగువు సవరిస్తూ, 6 వోల్టుల మీద ఆమ్మీటరు సుమారు 1.3 ఆంపియర్లు చూపేలా పెట్టాలి. చెవికి వినబడే మోత ఒకే తీరుగా ఉండాలి, తడబడకూడదు. 12 వోల్టుల బ్యాటరీ కలిపితే స్పార్కు ఇంకా లావుగా కనిపిస్తుంది, కానీ పాయింట్లు అతుక్కుపోతాయి. ఆ ప్రలోభానికి లొంగకపోవడమే మంచిది.

ఇలా రేకు కొట్టుకునే బజర్ కాయిల్ స్విచ్ మూసుకున్నాక స్పార్కు ఇస్తుంది. మామూలు కారు కాయిల్ పాయింట్లు తెరుచుకున్నప్పుడు ఇస్తుంది. ఈ తేడా తెలియకుండా ఒకదాని స్థానంలో మరొకటి పెడితే, కాంటాక్టు ఎంతసేపు మూసి ఉంటుందో స్పార్కు అంత తప్పిపోతుంది. పైగా బజర్ కాయిల్‌లో రేకు కదలడానికి రెండు మూడు మిల్లీసెకన్లు పడుతుంది. నిమిషానికి 400 చుట్లు తిరిగే ఇంజన్‌లో ఒక మిల్లీసెకను అంటే 2.4 డిగ్రీలు. అంటే కాంటాక్టును కావలసిన చోటుకంటే అయిదారు డిగ్రీలు ముందే మూసుకునేలా పెట్టాలి.

కారు కాయిల్, పాయింట్లు

1910 నాటి కాడిలాక్ కార్ల కోసం చార్లెస్ కెటరింగ్ రూపొందించిన బ్యాటరీ, కాయిల్, పాయింట్ల పద్ధతి ఆ తరవాత ఆరు దశాబ్దాలు కార్లను నడిపింది. అంబాసిడర్ వంటి కార్లను బాగుచేసిన మెకానిక్కులకు ఇది కొట్టిన పిండి. ఈ భాగాలు ఇప్పటికీ సులువుగా దొరుకుతాయి కాబట్టి పాత ఇంజన్ల మీదకూ వస్తున్నాయి.

వేగం తేడా ఇక్కడ ఇబ్బంది తెస్తుంది. కారు ఇంజన్ నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది కాబట్టి పాయింట్లు ఎక్కువ భాగం మూసి ఉంచేలా క్యామ్ చెక్కుతారు. 400 చుట్ల ఇంజన్‌లో ఒక్కో చుట్టుకు 150 మిల్లీసెకన్లు పడుతుంది. కాయిల్ పూర్తిగా నిండడానికి మామూలుగా 10 మిల్లీసెకన్లు చాలు. అది క్రాంక్ మీద 24 డిగ్రీలు, సగం వేగంతో తిరిగే క్యామ్‌షాఫ్ట్ మీద 12 డిగ్రీలే. అంతకంటే ఎక్కువసేపు పారే కరెంటంతా కాయిల్‌ను వేడెక్కించడానికే. కాబట్టి మోటారు సైకిల్ లేదా కారు పాయింట్లను పెట్టేటప్పుడు, ఎక్కువసేపు తెరిచే ఉండి, స్పార్కుకు కాస్త ముందు మాత్రమే మూసుకునే క్యామ్ చేయించుకోవాలి. ప్రైమరీ నిరోధం మూడు ఓంలు ఉన్న 12 వోల్టుల కాయిల్ 4 ఆంపియర్లకు మించి లాగదు. ఒకటిన్నర ఓంల కాయిల్ అయితే వరసలో అంతే నిరోధం కలపాలి.

హిట్ అండ్ మిస్ ఇంజన్లలో ఒక సౌలభ్యం ఉంది. వేగం హద్దు దాటితే గవర్నరు ఎగ్జాస్ట్ వాల్వును తెరిచి పట్టుకుని ఇంజన్‌ను ఊరికే తిరగనిస్తుంది. ఆ చుట్లలో స్పార్కు అక్కర్లేదు. పాయింట్లను ఎగ్జాస్ట్ కడ్డీ కదలికతో జోడిస్తే ఊరికే తిరిగినంతసేపూ కరెంటు ఖర్చు కాదు.

మాగ్నెటోను బతికించడం, బదులు పెట్టడం

1926లో మొదలై 1960ల దాకా బ్రిటన్‌లోని డర్స్లీలో తయారైన లిస్టర్ డి ఇంజన్లకు మాగ్నెటోయే ప్రాణం. అలాంటి మాగ్నెటో చల్లగా ఉన్నప్పుడు బాగా పనిచేసి, ఇంజన్ పది పదిహేను నిమిషాలు నడిచి వేడెక్కగానే ఆగిపోయి, చల్లారాక మళ్లీ అంటుకుంటే అనుమానం కండెన్సర్ మీదా చుట్ల మీదా పడాలి.

పాయింట్లు తెరుచుకోగానే కరెంటు వాటి మధ్య నిప్పురవ్వగా కొనసాగకుండా కండెన్సర్‌లోకి మళ్లుతుంది. అందువల్ల ప్రైమరీ కరెంటు ఒక్కసారిగా తెగి, సెకండరీలో వేల వోల్టులు పుడతాయి. ఈ కండెన్సర్ విలువ సుమారు 0.2 మైక్రోఫారడ్ దగ్గర ఉండాలి. పాయింట్ల మధ్య కొన్ని వందల వోల్టులు వస్తాయి కాబట్టి 630 వోల్టుల పాలీప్రొపిలీన్ ఫిల్మ్ రకం, అందులోనూ పల్స్ కరెంటు తట్టుకునేది ఎంచుకోవాలి. పాత కారు డిస్ట్రిబ్యూటర్ కండెన్సర్ కూడా విలువలో సరిపోతుంది. ఇంట్లో దొరికే సీలింగ్ ఫ్యాన్ కండెన్సర్ 2.5 మైక్రోఫారడ్‌ది, పదింతలకు పైగా పెద్దది. దాన్ని పెడితే పాయింట్లు కాలవు కానీ వోల్టేజీ పెరగక స్పార్కు చచ్చుబడుతుంది. చుట్లే తిరిగే రకం మాగ్నెటోలో కండెన్సర్ ఆర్మేచర్ చివరలో దాగి ఉంటుంది. దాన్ని విప్పకుండా పాయింట్ల గదిలోనే కొత్తది కలపవచ్చు. అయితే పాతది లీకవుతుంటే దాని తీగ తెంచాల్సిందే. లేకపోతే కొత్తది ఉండీ ప్రయోజనం లేదు.

చుట్లకు పట్టించిన లక్క వేడికి కరిగి ఆర్మేచర్‌ను బాడీకి అంటించేయడం బ్రిటిష్ మాగ్నెటోల్లో తరచూ కనిపిస్తుంది. వెంట్రుక కంటే పెద్దగా లావు లేని తీగను వేల చుట్లు మళ్లీ చుట్టించి, ఎపాక్సీ పట్టిస్తే ఆ బెడద పోతుంది. ఇది చేయి తిరిగినవారి పని. స్థిరమైన కాయిల్ ఉన్న మాగ్నెటోల్లో అదే మందం ఇనుప రేకుల మీద సరిపోయే గడ్డి కోత యంత్రం కాయిల్‌నో చిన్న పెట్రోలు ఇంజన్ కాయిల్‌నో ఎక్కించి నడిపించినవారు ఎందరో ఉన్నారు.

అయస్కాంతాల విషయంలో ఎంత బలమైతే అంత మంచిదన్న నమ్మకం పొరపాటు. టంగ్‌స్టన్ ఉక్కు, కోబాల్ట్ ఉక్కు, 1930ల్లో వచ్చిన ఆల్నికో, వీటికి బలం తగ్గితే మళ్లీ అయస్కాంతీకరిస్తే చాలు. ఆర్మేచర్ తీసేటప్పుడు ధ్రువాలను ఇనుప ముక్కతో కలపకపోతే ఆ బలం కొంత అప్పుడే పోతుంది. 1980ల్లో వచ్చిన నియోడిమియం అయస్కాంతాలను ఇనుప పట్టీలతో అమర్చి పాత గుర్రపునాడా అయస్కాంతం బదులు వాడుతున్నారు. మరీ బలమైనవి పెడితే ఇనుము సంతృప్తమై స్పార్కు పెరగదు, చేతితో తిప్పడం మాత్రం బరువవుతుంది. మామూలు రకాలు 80 డిగ్రీల సెల్సియస్ దాటితే బలహీనపడతాయి కూడా.

బాడీయే పోయిన సందర్భాలూ ఉంటాయి. 1920, 30ల నాటి జింక్ పోతల్లో సీసం వంటి మలినాలుంటే లోహం లోపలి నుంచే ఉబ్బి, పగిలి, పొరలు పొరలుగా రాలుతుంది. దానికి మందు లేదు. అప్పుడు వేరే మాగ్నెటో వెతకాలి. తిరిగే దిశ, ఎన్ని చుట్లకు ఒక స్పార్కు, ఇరుసు ఎత్తు, ఇంపల్స్ కప్లింగ్ (మెల్లగా తిప్పినా మాగ్నెటోను స్ప్రింగుతో ఒక్క ఉదుటున తిప్పే భాగం) ఉందా లేదా అనేవి చూసుకోవాలి. ఇంపల్స్ కప్లింగ్ లేని మాగ్నెటో మెల్లగా చేత్తో తిప్పినప్పుడు స్పార్కు ఇవ్వకపోవచ్చు. వైకో ఈకే ఇందుకు భిన్నం. స్ప్రింగు ఇనుప ముక్కను అయస్కాంతం నుంచి ఒక్కసారిగా లాగేస్తుంది కాబట్టి ఇంజన్ వేగంతో సంబంధం లేకుండా స్పార్కు ఒకేలా ఉంటుంది. నాలుగు సిలిండర్ల ట్రాక్టర్ మాగ్నెటోను ఒంటి సిలిండర్ ఇంజన్‌కు వాడితే మిగతా మూడు టవర్లను, అంటే ప్లగ్గు తీగలు బిగించే చోట్లను, ఎర్త్ చేయాలి. వాటికి దారి లేకపోతే వోల్టేజీ పెరిగి లోపలి ఇన్సులేషన్‌ను చీల్చుకుంటుంది. ఇదే కారణంగా ప్లగ్గు తీగ ఊడదీసి మాగ్నెటోను తిప్పి చూడడం చెడ్డ అలవాటు.

ప్లగ్గులు, తీగలు

పాత ఇంజన్లలో 7/8 అంగుళాల మర, అర అంగుళం పైపు మర, 18 మిల్లీమీటర్ల మర ఎక్కువ. ఈనాడు సులువుగా దొరికేది 14 మిల్లీమీటర్లది. మధ్యలో బుష్ వేస్తే ప్లగ్గు ఎక్కుతుంది, అయితే దాని మొన బుష్ లోపలే దాక్కుంటే కొత్త ఇంధనం అక్కడికి చేరదు, కాలిన వాయువే మిగిలి ఉంటుంది. మొన సిలిండర్ లోపలి గోడ దాకా వచ్చే పొడవు ప్లగ్గును ఎంచుకోవాలి. తక్కువ కంప్రెషన్‌తో, మెల్లగా, కిరోసిన్‌తో నడిచే ఇంజన్లకు వేడి రకం ప్లగ్గు కావాలి, లేకపోతే మసి పడుతుంది. మొనల మధ్య ఖాళీ 0.5 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే బలహీనమైన మాగ్నెటో కూడా నెట్టుకొస్తుంది. రేడియో గలాటా తగ్గించడానికి కార్లలో వాడే కార్బన్ తీగ బదులు రాగి తీగ, రెసిస్టర్ లేని ప్లగ్గు వాడడం మంచిది. మధ్య ఎలక్ట్రోడు రుణ ధ్రువమయ్యేలా కాయిల్ కలిపితే తక్కువ వోల్టేజీతోనే స్పార్కు దూకుతుంది.

ఎలక్ట్రానిక్ మార్గాలు

పాయింట్ల స్థానంలో పెట్టే చిన్న ట్రాన్సిస్టర్ మాడ్యూళ్లు ఫ్లైవీల్ మాగ్నెటో ఉన్న చిన్న ఇంజన్లకు బాగుంటాయి. అవి పనిచేయడానికి ఒక కనీస వేగం అవసరం. భారీ ఫ్లైవీళ్లతో మెల్లగా తిరిగే ఇంజన్‌ను చేత్తో తిప్పినప్పుడు ఆ వేగం రాకపోవచ్చు. క్యామ్ చక్రం మీద చిన్న అయస్కాంతం, ఎదురుగా దాన్ని పసిగట్టే హాల్ సెన్సర్, కరెంటును తెంపే ట్రాన్సిస్టర్, కారు కాయిల్ అన్న కూర్పు ఏ వేగంలోనైనా పనిచేస్తుంది. ఇంజన్ ఆగితే కరెంటు తనంతట తానే ఆగే ఏర్పాటు అందులో ఉండాలి. కండెన్సర్‌లో నిలవచేసిన శక్తిని కాయిల్‌లోకి వదిలే మోటారు సైకిల్ సీడీఐ స్పార్కు తీవ్రమైనదే కానీ అతి తక్కువసేపు ఉంటుంది. సరిగా ఆవిరి కాని కిరోసిన్ మిశ్రమానికి ఎక్కువసేపు నిలిచే కాయిల్ స్పార్కే నయం. బయటి కాంటాక్టుగా మైక్రోస్విచ్ వాడేవారు దాని గుండా కాయిల్ కరెంటు పోనివ్వకుండా, ట్రాన్సిస్టర్‌కు సంకేతం ఇవ్వడానికి మాత్రమే వాడితే అది మన్నుతుంది.

టైమింగ్

ఏ భాగం పెట్టినా చివరికి స్పార్కు ఎక్కడ పడుతోందో కొలవాలి. నెమ్మది ఇంజన్లకు నడిచేటప్పుడు పిస్టన్ పై కొసకు 15 నుంచి 25 డిగ్రీల ముందు, తిప్పి మొదలుపెట్టేటప్పుడు పై కొస దగ్గరా స్పార్కు రావడం సాధారణం. 60 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న ఫ్లైవీల్ అంచు మీద ఒక డిగ్రీ అంటే సుమారు 5.2 మిల్లీమీటర్లు. అంటే పై కొస గుర్తుకు 10.5 సెంటీమీటర్ల దూరంలో సుద్దతో గీత గీస్తే అది 20 డిగ్రీలు. తిప్పేటప్పుడు స్పార్కు ముందే వస్తే ఇంజన్ వెనక్కి తంతుంది, హ్యాండిల్ పట్టిన చేయి విరుగుతుంది. ఈ ప్రమాదం ఊహించి చెప్పింది కాదు, పాత రోజుల్లో మణికట్లు విరగడం మామూలు. ప్రత్యామ్నాయ భాగం పెట్టిన ఇంజన్‌ను మొదటిసారి తిప్పేటప్పుడు స్పార్కును వెనక్కి జరిపి ఉంచడం, బొటనవేలిని మిగతా వేళ్ల వైపే ఉంచి హ్యాండిల్ పట్టుకోవడం తప్పనిసరి. ఇంజన్‌ను ఆపే స్విచ్ కూడా కొత్త పద్ధతికి తగ్గట్టు మారాలి. మాగ్నెటోను ఆపడానికి ప్రైమరీని ఎర్త్ చేయాలి, బ్యాటరీ కాయిల్‌ను ఆపడానికి కరెంటు తీసేయాలి. రెంటినీ తారుమారు చేస్తే స్విచ్ సరిగా పనిచేయదు.

అసలు రూపాన్ని కాపాడటం

తెలుగు పల్లెల్లో ఆయిల్ ఇంజన్ అన్న మాటకు ఎక్కువమందికి గుర్తొచ్చేది డీజిల్ పంపు ఇంజన్. దానికి స్పార్కుతో పనే లేదు. ఈ వ్యాసంలో చెప్పిన ఇబ్బందులన్నీ పెట్రోలు, కిరోసిన్ రకాలవే. ఇలాంటి ఇంజన్ మన చేతికొచ్చినప్పుడు దాని దిమ్మకు కొత్త రంధ్రాలు వేయడం, ఇగ్నైటర్ గూడును తొలిచి ప్లగ్గు మర వేయడం ఎప్పటికీ సరిదిద్దలేని పనులు. ఇగ్నైటర్ ఫ్లాంజి ఆకారంలోనే ఇనుప పలక చేయించి, అందులో ప్లగ్గు రంధ్రం వేసి, ఉన్న బోల్టులతోనే బిగిస్తే రేపు అసలుది దొరికినప్పుడు గంటలో మార్చేయవచ్చు. తీసిన భాగాలు చెడ్డవైనా పారేయకూడదు. వాటి మీది నంబర్లే తరవాత సరైన జత వెతకడానికి ఆధారం. అయస్కాంతానికి ఇనుప ముక్క అంటించి, భాగాలకు నూనె పూసి, ఏది ఎక్కడిదో రాసి ఇంజన్‌తో పాటే భద్రపరచాలి. కొత్తగా పెట్టిన కండెన్సర్ విలువ, కాయిల్ నిరోధం, టైమింగ్ గుర్తు కూడా ఒక రేకు మీద చెక్కి ఇంజన్ బల్లకు బిగిస్తే తరవాతి మెకానిక్కు పని మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు.